నాలుగో లెవల్ నీటికాపు

దినం 211, మొదటి షిఫ్ట్

వెనక గదిలో పనిచేసేవాళ్లు షిఫ్ట్ దిగేముందు పుస్తకం రాయాలని రూలు. మా పని ఎవరి కంటికీ కనబడదు కాబట్టి కనీసం రాతలోనైనా కనబడాలని ఏనాడో ఎవరో పెట్టారట. ఈ పుస్తకాన్ని ఎవరూ తెరవరు. నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన పుస్తకం చూశాను. మూడేళ్లు వరుసగా "అంతా బాగుంది" అని ఉంది. మధ్యలో ఒక పేజీ మీద అన్నం గిన్నె పెట్టిన గుండ్రటి మరక ఉంది.

నేను అలా రాయను. ఏదీ బాగాలేదు.

నా పేరు సమ్మక్క. ఇరవై రెండేళ్లు. బడిలో నేర్చింది తక్కువ, పాత మాన్యువళ్లు బట్టీపట్టి నేర్చింది ఎక్కువ. ఏడో బొగ్గుబాయిలో లినక్స్ మిషన్ల మీద నడిచే పదకొండు సర్వీసులు నావి. మిషన్‌కు కరెంటు రాగానే లేచి, ఎవరు లాగిన్ అయినా కాకపోయినా, ఎవరు చూసినా చూడకపోయినా తన పని తాను చేసుకుపోయేదే సర్వీసు. పంకాల వేగం చూసేది ఒకటి, గాలిలో విషం చూసేది ఒకటి. పదకొండోది నీటికాపు. నాలుగో లెవల్ అడుగున సంపు ఉంది. బొగ్గు తవ్వడం మానేసి మనుషులు బాయిలో కాపురం పెట్టినప్పటి నుంచీ ఊటనీళ్లన్నీ అందులోకే చేరతాయి. నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో నీటికాపు నిమిషానికోసారి కొలుస్తుంది. ఏడో గీత దాటితే కిందున్న పన్నెండు మందీ పైకెక్కాలి.

ఆ అంకెను గంటకోసారి కాగితం మీద రాసుకుని చౌరస్తాకు పోయి తెరదారుకు ఇస్తాను. తెరదారు దాన్ని తెర మీద పెడుతుంది. వెనక గది సర్వీసులు తెరను ముట్టకూడదని కట్టుబాటు. తెర ఒక్కటే. చౌరస్తాలో తెరదారు కుర్చీ ముందు ఏది ఉంటే అదే అన్ని లెవళ్ల గోడల మీదా కనిపిస్తుంది. కింద కుడి మూలన ఎప్పుడూ ఒక వరుస ఉంటుంది: "తెరదారు: మంజీర".

ఈ రోజు తెర కడిగే రోజు. పదిరోజులకోసారి తెర ఆపి, తడిబట్టతో తుడిచి, బొట్టు పెట్టి, మంజీర మళ్లీ లాగిన్ అవుతుంది. తెర వెలగ్గానే అందరూ చప్పట్లు కొడతారు. ఆమె నోట్లో బెల్లం పెడతారు. నా మిషన్లను తుడిచేది నేనే. బెల్లం సంగతి దేవుడెరుగు, నాకు బట్ట కూడా ఎవరూ ఇవ్వలేదు. పాత లుంగీ చింపుకున్నాను.

వేడుకకు మా అన్న రాజలింగు పైకి వచ్చాడు. నాలుగో లెవల్లో పంపులు నడుపుతాడు. ఆ రొదకు అక్కడ అందరికీ పోయినట్టే అన్నకూ నాలుగేళ్ల కింద చెవులు పోయాయి. నోరు మాత్రం పోలేదు. తన మాట తనకు వినబడదు కాబట్టి గల్లీ అంతటికీ వినబడేలా మాట్లాడతాడు.

"సమ్మీ! మంజీర పెట్టే అంకెలు ఎంత పెద్దగుంటయే! అద్దాలు లేకున్నా అగుపడ్తయ్. ఆ పిల్ల ఉన్నది గాబట్టే మేం కింద నిమ్మలంగ పని చేస్తున్నం!"

పలక తీసి రాశాను: "ఆ అంకె కొలిచేది నేను."

చదివి నవ్వాడు. "ఎర్కనే! నువ్వు కాయితం మోస్తవ్ గద!"

చౌరస్తాలో సగం మంది నావైపు తిరిగారు.

కాయితం మోస్తానట.

దినం 213, మొదటి షిఫ్ట్

పై తలుపు కాపలావాళ్లు కేకలేసుకుంటూ దిగారు. పైన వాన. ఏడేళ్ల తరవాత. జనం ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు. పై నేల మీద పడ్డ నీళ్లు ఎక్కడికి పోతాయో ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. మధ్యాహ్నానికి సంపు మూడో గీత నుంచి నాలుగున్నరకు వచ్చింది. రెండో పంపు బేరింగు కూడా అరిగిందని అన్న మొన్ననే చెప్పాడు.

సర్దార్ గట్టయ్య నన్నూ మంజీరనూ పిలిచాడు. షిఫ్టులన్నీ ఆయన చేతి కిందే నడుస్తాయి. మీసాలు తప్ప ముఖంలో ఇంకేమీ కనబడదు.

"గంటకో కాయితం అంటే గిప్పుడు నడ్వది బిడ్డా. నీళ్లు ఒక్క పూటల గీతన్నర ఎక్కినయ్. గీత దాటిన నిమిషానికి తెర మీద ఎర్రగ రావాలె. మనిషి చెయ్యి పడకుండనే రావాలె."

"సైరన్ కొట్టొచ్చు గదా బాపూ," అన్నాను. అన్న తరవాత నాలుక కరుచుకున్నాను.

"ఎవలికి కొడ్తవ్? మీ అన్నకా?"

మంజీర నవ్వలేదు. నవ్వితే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. అది తీరిగ్గా కాగితం మీద అరచేయి బొమ్మ గీసింది. పైకి లేస్తున్న ఎర్రటి అరచేయి. "పంపుల గల్లీల 'ఎక్కు' అంటే గిట్లనే చూపిస్తరు బాపూ. అక్షరాలు చదివేదాంక ఆగరు, చెయ్యి అగుపడంగనే ఎక్కుతరు."

చేతి సైగలు మంజీరకు వచ్చు. కింద వాళ్ల కోసమే నేర్చుకుందట. నన్ను కూడా రమ్మంది అప్పట్లో. నాకు పలక ఉంది, పోలేదు. ఆ గల్లీలో అందరికీ చేతి పేర్లున్నాయి. గట్టయ్య అంటే మీసం దువ్వడం. మంజీర అంటే రెండు చేతులతో గాల్లో చదరం గీయడం. నాకు పేరు లేదు. నా మాట వస్తే అన్న అరచేతిని తన నడుం ఎత్తున పెట్టి చూపిస్తాడు. చిన్నది అని, అంతే. నేనిప్పుడు అన్న చెవి దాకా ఉన్నాను.

"బొమ్మ మంజీర చేస్తది. సమ్మక్కా, నీ సర్వీసు ఆ బొమ్మను లేపాలె. ఈ ఒక్కదానికీ కట్టుబాటు నేను సడలిస్తున్న," అన్నాడు సర్దారు.

మొదటిసారి నా సర్వీసు తెర ముట్టబోతోంది.

దినం 214, మొదటి షిఫ్ట్

మంజీర బొమ్మ ప్రోగ్రాం పొద్దున్నే ఇచ్చింది. అంకె చూపే చిన్న కిటికీ ఒకటి, గీత దాటితే తెరంతా నిండే ఎర్ర చేయి ఒకటి. దాని కుర్చీలో కూర్చుని నా చేత్తో నడిపాను. చక్కగా వచ్చింది. గోడల మీద అరచేయి చూసి మూడో లెవల్లో ఎవరో ముసలాయన గిన్నె పడేసుకున్నాడట.

వెనక గదికి వచ్చి అదే ప్రోగ్రాంను నీటికాపు చేత నడిపించాను. ఏమీ రాలేదు. అది తన పని రాసుకునే లాగ్ తెరిస్తే ఒకే వరుస:

"డిస్‌ప్లే తెరవలేను."

అదే ప్రోగ్రాం. ఒక్క అక్షరం మార్చలేదు. మనిషి కుర్చీలోంచి పిలిస్తే పలుకుతుంది, సర్వీసు పిలిస్తే పలకదు. పదహారు సార్లు పిలిచాను. పదహారు సార్లూ అదే జవాబు.

దినం 216, రెండో షిఫ్ట్

రెండు రోజులు మాన్యువళ్లతో కొట్టుకున్నాను. అర్థమైంది ఇది.

నీటికాపు మిషన్‌తో పాటే పుడుతుంది. అప్పటికి తెర ఇంకా లేదు, మనిషి ఇంకా లాగిన్ కాలేదు. కాబట్టి తెర ఎక్కడుందో దానికి తెలియదు. సరే, తెర నంబరు చెప్పాను: డిస్‌ప్లే సున్నా. ఈసారి జవాబు మారింది: "అనుమతి లేదు." తెర లాగిన్ అయిన మనిషి సొంతం. లాగిన్ నుంచి లాగౌట్ దాకా నడిచే ఆ మనిషి సెషన్‌కు ఒక తాళంచెవి ఉంటుంది. చిన్న ఫైలు, అంతే. ఆ సెషన్‌లో పుట్టిన ప్రోగ్రాములకు అది పుట్టుకతోనే చేతికొస్తుంది. బయట పుట్టినవి తలుపు దగ్గరే నిలబడాలి.

మంజీర తనంతట తానే వెనక గదికి వచ్చింది. ఇక్కడ ఇంకో కుర్చీ లేదు. బ్యాటరీ పెట్టె మీద కూర్చుంది.

"సమ్మీ, ఎందుకే ఇంత తిప్పలు? నీ సర్వీసు అంకెను ఒక ఫైల్ల రాసి పెట్టనీ. నా సెషన్ల ఒక చిన్న ప్రోగ్రాం పెడ్త. నేను లాగిన్ అయితే అదే లేస్తది, ఫైలు చూస్తది, బొమ్మ గీస్తది. నీది తెరను ముట్టే పనే ఉండది."

అది చెప్పింది సరైన పద్ధతి. మాన్యువల్లో కూడా అదే ఉంది, నేను నిన్ననే చదివాను. కానీ దాని సెషన్‌లో లేచేదంతా దాని పేరు కిందే నడుస్తుంది. నేను మళ్లీ ఫైలు రాసి పెట్టే మనిషిని. కాయితం పోయి ఫైలొచ్చింది, మోసేది మాత్రం నేనే.

"అవసరం లేదు. సర్దారు నన్ను లేపమన్నడు, నేనే లేపుత."

"నీ ఇష్టం. తాళంచెవి లేంది ఎట్ల లేపుతవ్ మరి?"

"నా తిప్పలు నేను పడ్త. నువ్వు బెల్లం తిను పో."

ముఖం చిన్నబుచ్చుకుని పోయింది. నాకు కొంచెం హాయిగా అనిపించింది. అబద్ధం రాయను.

దినం 217, మొదటి షిఫ్ట్

మంజీర చాయ్‌కి లేచినప్పుడు చౌరస్తాకు పోయాను. కాగితం ఇవ్వడానికి వచ్చాననుకుని ఎవరూ అడగలేదు. ఏళ్లుగా కాగితం మోసినందుకు దక్కిన లాభం ఇది ఒక్కటే. దాని తాళంచెవి ఫైలును కాపీ చేసుకుని వెనక గదికి తెచ్చి నీటికాపుకు ఇచ్చాను.

లేచింది!

అన్ని గోడల మీదా కుడి పైమూలన కిటికీ: "సంపు: 4.6". దాని కింద నా చేత్తో చేర్చిన వరుస: "నీటికాపు: సమ్మక్క". సర్దారు చూసి, నీళ్లు కొలిచే రాడ్‌ను ఏడో గీత దాటేలా ముంచి పరీక్ష పెట్టించాడు. నిమిషం తిరక్కుండానే ఎర్ర చేయి లేచింది. కింద పన్నెండు మందీ ఎక్కారు. వచ్చినవాళ్లలో ముందు మా అన్న.

"సమ్మీ! నీ పేరు తెర మీద ఉన్నదే! గంత పెద్దగున్నది!"

గల్లీ అంతా విన్నది. నేను తల ఎత్తి ఆ వరుసను మళ్లీ చదువుకున్నాను.

మంజీర దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "తాళంచెవి ఏడికెల్లి తెచ్చినవ్?"

"దొరికింది."

"నేను మళ్లీ లాగిన్ అయితే కొత్తది పుడ్తది, పాతది పనికి రాదు. తెల్సుగద?"

తెలియదు. నా సర్వీసులు ఎన్నడూ లాగౌట్ కావు. పుట్టిన నాటి నుంచీ నడుస్తూనే ఉంటాయి. మనిషి కుర్చీలోంచి లేచి పోవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం, మధ్యలో తాళం మారడం, ఇవన్నీ తెర దగ్గరివాళ్ల సంగతులు. కానీ అది అడిగిన తీరు ఎట్లా ఉందంటే, బడిలో పంతులు అడిగినట్టుంది.

"తెల్సు," అన్నాను. "ఆ మూల ఇంక నాది. దాని జోలికి రాకు."

"రాను తియ్," అంది.

దినం 219, మొదటి షిఫ్ట్

మంజీర నీటి అంకె టైపు చేయడం మానేసింది. అవసరం లేదు కదా. రోజుకు ఎన్నోసార్లు చౌరస్తా మీదుగా పోతున్నాను. పని ఉండి కాదు. సంపు అయిదున్నర. పైన వాన ఆగలేదు.

దినం 221, రెండో షిఫ్ట్

అక్షరాలు వంకరగా వస్తున్నాయి. అయినా రాయాలి.

ఈ రోజు మొదటి షిఫ్ట్‌లో తెర కడిగారు. నేను పోలేదు. దాని నోట్లో బెల్లం పెడుతుంటే చప్పట్లు కొట్టాలా అనుకుని పై తలుపు దగ్గరికి వాన చూడ్డానికి పోయాను. కాపలావాళ్లు నలుగురు నలుగురుగా బయటికి వదులుతున్నారు. చేయి చాపి నిలబడ్డాను. చాలాసేపే నిలబడ్డాను. మొహం మీద నీళ్లు పడుతుంటే, ఇప్పుడు కింద అందరూ తెర వెలిగిందని చప్పట్లు కొడుతుంటారు, అందులో నా పేరు కూడా ఉంటుంది కదా అని అనుకున్నాను. సరిగ్గా అదే అనుకున్నాను.

దిగి వెనక గదికి వచ్చి లాగ్ తెరిచాను.

"డిస్‌ప్లే తెరవలేను: అనుమతి లేదు."
"డిస్‌ప్లే తెరవలేను: అనుమతి లేదు."
"డిస్‌ప్లే తెరవలేను: అనుమతి లేదు."

నలభై ఒక్క వరుసలు. ప్రతి వరుస పక్కనా అంకె. 6.6 నుంచి మొదలైంది. పన్నెండో వరుసలో 7 దాటింది. చివరిది 7.8.

నీటికాపు తన పని తాను చేసింది. నిమిషం తప్పకుండా కొలిచింది, నిమిషం తప్పకుండా తెర దగ్గరికి పోయింది. తెర దాన్ని రానివ్వలేదు. కొత్త లాగిన్, కొత్త తాళంచెవి. నా దగ్గరున్నది నిన్నటి ఇనుపముక్క. కింద వాళ్లకు ఆ మూల ఖాళీగా కనబడుతోంది. ఎర్ర చేయి లేదు, అంటే ప్రమాదం లేదు. వాళ్లు నిమ్మలంగా పని చేస్తున్నారు.

పరుగెత్తాను. వెనక గది నుంచి చౌరస్తాకు రెండు మలుపులు, ఒక మెట్ల దారి. దారిలో ఎవరినో గుద్దాను. ఎవరో తెలియదు.

కుర్చీలో మంజీర, నుదుటన తడి ఆరని బొట్టు.

"మంజీరా, చెయ్యి లేపు! నీ కుర్చీలకెల్లి లేపు! ఏడు దాటింది!"

ఎందుకు, ఏమైంది అని ఒక్క మాట అడగలేదు. రెండు మీటలు నొక్కింది. తెరంతా ఎర్రబడింది. అరచేయి పైకి లేచింది, మళ్లీ లేచింది. కింద కుడి మూలన "తెరదారు: మంజీర".

నాలుగో లెవల్ మెట్ల దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ఒకరు, ఇద్దరు, ఐదుగురు. మోకాళ్ల దాకా తడిసినవాళ్లు, తరవాత నడుం దాకా. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండో మనిషి రాలేదు.

పదకొండో ఆయన వెనక్కి దిగాడు. మా అన్న రెండో పంపు కింద దూరి బేరింగు బిగిస్తున్నాడట, తెరకు వీపు పెట్టి. కాలు పట్టి లాగితే గానీ తెలియలేదట. ఛాతీ దాకా నీళ్లలో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఎక్కారు. అన్న చేతిలో పానా ఇంకా అలాగే ఉంది.

పైకొచ్చి, దగ్గి, నీళ్లు ఉమ్మి, నేరుగా చౌరస్తాకు పోయాడు. మంజీర రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకున్నాడు. "బిడ్డా, నువ్వు లేకుంటే మేమంతా ఈ యాళ నీళ్లల్లనే!"

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. మొదట ఏడుపొచ్చింది. అది ఆరకముందే ఒళ్లు భగ్గున మండింది. అన్న బతికి ఎదురుగా నిలబడితే కూడా మండింది.

దినం 222, మొదటి షిఫ్ట్

పంపులు రాత్రంతా లాగి నీళ్లను ఆరుకు దించాయి. సర్దారు విచారణ పెట్టాడు.

"నలభై నిమిషాలు ఆ మూల ఎందుకు ఖాళీగున్నది?"

నేను నోరు తెరిచేలోపే మంజీర లేచింది. "కడిగిన దినం గద బాపూ. లాగిన్ అయినంక ఆ మూల వచ్చిందా లేదా నేను చూసుకోవాలె. ఖాళీగున్నదని చూసిన, సమ్మక్కకు కబురు పెట్టలే. నా తప్పు గూడ ఉన్నది."

ఆ మూల జోలికి రావద్దన్నది నేను. ఆ మాట చెప్పలేదు. తాళంచెవి సంగతి కూడా చెప్పలేదు. మంచితనంలో కూడా అది నాకంటే ముందే. నాకు మిగిలింది నోరు మూసుకుని కూర్చోవడం. కూర్చున్నాను.

దినం 223, మొదటి షిఫ్ట్

అన్నం దిగలేదు. ఈ పుస్తకం తీసుకుని సర్దారు గదికి పోయాను. బల్ల మీద పెట్టాను.

"ఏందిది?"

"చదువుండ్రి బాపూ. మొన్న ఎందుకు ఖాళీగున్నదో దీంట్ల ఉన్నది."

వేలు పెట్టి వరుస వరుసా చదివాడు. మీసాల వెనక ఏం జరుగుతోందో తెలియలేదు. చాలాసేపటికి తల ఎత్తాడు.

"నీ పుస్తకంల అన్నం గిన్నె మరక లేదేంది?"

నేను తెల్లబోయాను. "మీరు... ఆ పుస్తకాలు చదువుతరా?"

"చదవకుంటే రాయమని ఎందుకంట? మూడేండ్లు 'అంతా బాగుంది' చదివి చదివి యాష్టకొచ్చింది నాకు. నీది గూడ వచ్చే తెర కడిగే దినాన అడిగి చదువుదామనుకున్న." పుస్తకం మూశాడు. "తాళం దొంగిలించుడు ఒక తప్పు. తెల్వంది తెల్సని చెప్పుడు దానికంటె పెద్దది. పన్నెండు మంది బిడ్డా. అండ్ల ఒకడు నీ అన్న."

"ఎర్కే."

"ముందుగాల నీటికాపును సక్కగ చెయ్. తర్వాత మళ్లీ తెర కడిగేదాంక నాలుగో లెవల్ల బురద ఎత్తు. ఎవల కోసం కొలుస్తున్నవో దగ్గరుండి చూడు."

దినం 224, మొదటి షిఫ్ట్

మంజీర దగ్గరికి పోయాను.

"నువ్వు చెప్పినట్లనే చేద్దాం. నా సర్వీసు ఫైల్ల అంకె రాస్తది. నీ సెషన్ల లేచేది గీస్తది."

"సరే."

"ఇంకొకటి. నీ పద్ధతిల గూడ ఒక బొక్క ఉన్నది." ఇది చెప్పేటప్పుడు మాత్రం గొంతు బాగా వచ్చింది. "నీ ప్రోగ్రాం లేవకున్నా, నా సర్వీసు చచ్చిపోయినా, తెర ఖాళీగనే ఉంటది. కింద వాళ్లకు ఖాళీ అంటే మంచిదే అనిపిస్తది. మొన్న అయింది అదే. గందుకే ఆ మూల ఒక చుక్క పెట్టాలె. కొత్త అంకె వచ్చిన ప్రతి నిమిషం చుక్క ఒక్కసారి ఎగరాలె. ఎగరకపోతే ఎర్ర చెయ్యి కోసం చూడొద్దు, ఎక్కుడే."

"గిది నాకు తట్టలేదే," అంది. ఆ మాట రెండుసార్లు అంటే బాగుండు అనిపించింది. అనలేదు.

సాయంత్రానికి అయిపోయింది. మంజీర లాగౌట్ అయి, మళ్లీ లాగిన్ అయి చూపించింది. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ చుక్క వచ్చింది. మిషన్ మొత్తం ఆపి లేపాం. వచ్చింది. నీటికాపును చంపాను. చుక్క ఆగింది. ఎవరి తాళమూ ఎవరూ ముట్టలేదు.

"చుక్క పక్కన నీ పేరు పెడ్తనే," అంది.

"వద్దు."

"ఎందుకే?"

"నువ్వు పెట్టిన పేరు నాకొద్దు."

నవ్వింది. "నీ ఏడుపు నీదేనే సమ్మీ," అని చాయ్ గ్లాసు నావైపు తోసింది. తాగాను. వేడిగానే ఉంది.

దినం 227, రెండో షిఫ్ట్

బురద. భుజాలు పడిపోయాయి. ఈ రొదలో వాళ్లు ఏళ్ల తరబడి ఎట్లా ఉన్నారో తెలియదు. చెవుల్లో దూది పెట్టుకున్నా పళ్లు కదులుతున్నాయి.

ఒకటి గమనించాను. వీళ్లలో ఎవడో ఒకడు ఎప్పుడూ తెరవైపు చూస్తాడు. చూసి, పక్కవాడి వైపు తిరిగి అరచేతిని నడుం ఎత్తున పెడతాడు. పక్కవాడు తల ఊపుతాడు. పనిలో పడతారు. మళ్లీ ఇంకొకడు. నన్ను పొట్టిదని ఎక్కిరిస్తున్నారనుకున్నాను. ఒకడి మీదికి పార ఎత్తాను కూడా. వాడు బిత్తరపోయాడు.

దినం 231, మొదటి షిఫ్ట్

తెర కడిగే రోజు. ఈసారి పద్ధతి మారింది. తెర ఆపితే చుక్క ఆగుతుంది. చుక్క ఆగితే ఎక్కాలి కాబట్టి, ముందు నాలుగో లెవల్ వాళ్లంతా పైకొచ్చి చౌరస్తాలో నిలబడ్డాకే తెర ఆపాలని సర్దారు చెప్పాడు. పన్నెండు మందితో పాటు నేనూ ఎక్కాను, మోకాళ్ల దాకా బురదతో. ఇన్నేళ్లలో నేను పని దుస్తుల్లో ఈ వేడుకకు రావడం ఇదే మొదలు. సంపు నాలుగుకు దిగింది. పైన ఎండ కాసిందట.

మంజీర తెర తుడుస్తోంది. ఇంకో బట్ట నావైపు విసిరింది. తీసుకుని నేనూ ఒక పక్క తుడిచాను. ఊరికే నిలబడలేక.

"మంజీరా, కింద వీళ్లు మాటిమాటికి గిట్ల పెడ్తరెందుకే?" అని అరచేతిని నడుం దగ్గర పెట్టి చూపించాను. "నన్ను ఎక్కిరిస్తున్నరా?"

బట్ట ఆపి నావైపు చూసింది. "నీకు తెల్వదా? మీ అన్న నిన్ను పిలిచే సైగ గది. చెల్లె. వాళ్లు చుక్కను గట్లనే పిలుస్తున్నరు. 'చెల్లె ఉన్నదా' అని అడుగుతడు ఒకడు. 'ఉన్నది' అంటడు ఇంకొకడు."

"ఎప్పటిసంది?"

"మొదటి దినం సందే. మీ అన్ననే మొదలువెట్టిండు. నాకు అప్పుడే చెప్పిండు."

ఆ సంగతి కూడా నాకంటే ముందు దానికే తెలిసింది. ఏడు రోజులు ముందు. బట్టను బకెట్లోకి విసిరికొట్టాను.

బొట్టు పెట్టారు. మంజీర కుర్చీలో కూర్చుని లాగిన్ అయింది. తెర వెలిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ కుడి పైమూలకు చూస్తున్నారు. ఒక నిమిషం పట్టింది. ఇంత పొడుగు నిమిషం నేనెప్పుడూ కొలవలేదు.

చుక్క ఎగిరింది.

పన్నెండు చేతులు ఒక్కసారి నడుం ఎత్తుకు వచ్చాయి. అన్న గొంతు బాయంతా మోగింది. "చెల్లె వచ్చింది! దిగుండ్రి!"

దిగారు. నేను బల్ల మీది బెల్లం ముక్క ఒకటి అడక్కుండానే తీసి నోట్లో వేసుకుని, పార అందుకుని వాళ్ల వెనకే దిగాను.

తెరకు కింద కుడి మూలన మాత్రం ఇంకా మంజీర పేరే ఉంది. దిగేముందు చూశాను.